పేషెంటు మంచం

…ఉప్పు మరక పోలేదు, బాత్రూములో తడి కాగితంతో అంతసేపు రుద్దినా బూటు ముందుభాగం మీద తెల్లగీత అలాగే ఉంది, ఆరే కొద్దీ ఇంకా తేలుతోంది, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఈ ఉప్పు ఎవరి బూట్లనీ వదలదు నిజమే, కానీ పక్క తలుపు ముందు నిలబడ్డ ఆ నీలం సూటు కుర్రాడి బూట్లు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి, వాడేమన్నా గాల్లో తేలుతూ వచ్చాడా, బూట్ల సంగతి తర్వాత తెక్లా, ముందు తలుపు మీద కాగితం చదువు, గంట మోగేలోపు చదివి లోపలికి వెళ్లాలి, చదువుతూనే ఉన్నాను, అక్షరాలు కళ్లలోకి వస్తున్నాయి గానీ బుర్రలోకి దిగడం లేదు, బుర్ర నిండా ఇందాకటి గదిలో ఆ బో టై పెద్దమనిషి అడిగిన ప్రశ్నే కూర్చుని ఉంది, మీది నాటకాల డిగ్రీ, ఆ తర్వాత ఇన్నేళ్లూ జబ్బు మనుషుల వేషాలు వేశారు, మరి ఇప్పుడు మా ముందు కూర్చుని మీరు నటించడం లేదని మాకెలా తెలుస్తుందండీ, అని నవ్వుతూనే అడిగాడు, నవ్వుతూ అడిగాడు కాబట్టి నేనూ నవ్వాను, ఆ నవ్వు నటనే, అది నాకు తెలిసిపోయింది, నాకు తెలిసిందని ఆయనకూ తెలిసిపోయింది, ఏదో చెప్పబోయేసరికి గంట కొట్టేశారు, గంట కొట్టాక ఒక్క ముక్క మాట్లాడకూడదు, లేచి వచ్చి తర్వాతి తలుపు ముందు నిలబడాలి, ఈ మెడికల్ కాలేజీలో ఇంటర్వ్యూ అంటే ఇంతే, వరసగా తలుపులు, తలుపుకో మనిషి, గంట మోగగానే అందరం ఒక్కసారే తట్టి లోపలికి పోవడం, మళ్లీ గంట మోగగానే అందరం బయటికి రావడం, మా అమ్మమ్మ ఇంట్లో గోడ గడియారంలోంచి బొమ్మలు వచ్చిపోయినట్టు, ఆ బొమ్మలకి చెమటలు పట్టేవి కావు.

నాకు పడుతున్నాయి, వీపు మీద చొక్కా అంటుకుపోతోంది, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి, మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు ఏ కాలేజీ పిలవలేదు, రెండోసారీ పిలవలేదు, ఈసారి పిలిచింది ఇదొక్కటే, ఇది పోతే ఇక పెట్టనని నాన్నకి చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను, ఈ వయసుకి మా స్కూలు స్నేహితుల పిల్లలు పళ్లకి క్లిప్పులు వేయించుకుంటున్నారు, నేనేమో సాయంత్రం కాలేజీలో పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివాను, మొదటి పరీక్ష తప్పాను, మళ్లీ రాశాను, మా బ్రోనియా అత్తయ్య మొన్న ఆదివారం భోజనాల దగ్గర పియెరోగి కుడుములు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గాల్లో ఆపి, ఏమే తెక్లా, నాటకాలన్నావు, అయింది, ఇప్పుడు డాక్టరంటున్నావు, అది కాగానే చంద్రమండలం ఎప్పుడు వెళ్తున్నావో కాస్త ముందే చెప్పు, మంచి కోటు కొనుక్కుని సాగనంపడానికొస్తాను, అంది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అదీ నటనేనా, బ్రోనియా, దాన్ని తిననివ్వు, అన్నాడు నాన్న, ఇవాళ పొద్దున నేను లేచేసరికి నా కారు మీద మంచు అంతా తుడిచేసి, ఇంజను వేడి చేసి పెట్టి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు, ఈ వయసులో మంచు తొయ్యకూడదని డాక్టర్లు చెప్పారు కదా నాన్నా అంటే, నువ్వింకా డాక్టరువి కాలేదుగా, అయ్యాక కేకలెయ్యి, అన్నాడు, ఆ మాటకి దారి పొడుగునా ఏడుపొచ్చింది, ఇందాక వెయిటింగ్ హాల్లో ఆ నీలం సూటు కుర్రాడు నీ డిగ్రీ దేంట్లో అని అడిగితే నాటకం అన్నాను, ఓ, సరదాగా ఉండుంటుందే, అన్నాడు, వాడి తప్పేం లేదు, నిజంగా సరదాగానే అనుకున్నాడు పాపం, కానీ వీళ్లందరూ కప్పలు కోసిన వాళ్లు, నేను పరదా తాళ్లు లాగినదాన్ని, ఎవరో ఒకరు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, మీరు పొరపాటున ఈ వరసలోకి వచ్చారమ్మా, అంటారని పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాను.

పొరపాటున రాలేదు, ఇలాంటి గదుల్లోనే కదా ఇన్నేళ్లూ బతికాను, మా ఊరి మెడికల్ కాలేజీలో, విద్యార్థుల చేతికి నిజం రోగుల్ని ఇచ్చే ముందు మాలాంటి వాళ్లని ఇస్తారు, పని లేని నటులకి అదో బతుకుతెరువు, పేపరు పరిచిన మంచం మీద వెనక ముడులు వేసుకునే గౌను వేసుకుని కాళ్లు వేలాడేసి కూర్చుంటే, విద్యార్థి తలుపు తట్టి లోపలికి వస్తాడు, నేను మూలుగుతాను, వాడు అడుగుతాడు, నేను చెబుతాను, అంతా అయ్యాక గౌను మీద స్వెట్టరు కప్పుకుని వాడితో, బాబూ, నువ్వు నా కళ్లలోకి చూడకుండా గోడతో మాట్లాడావు, అని చెబుతాను, గుండెపోటు వేశాను, గర్భం పోయిన తల్లిని వేశాను, క్లోమం వాపయితే లెక్కలేనన్ని సార్లు వేశాను, దానికి నేనే పేరుబడ్డాను, ముందుకి వంగి, పొట్ట పైభాగం పట్టుకుని, నొప్పి వీపులోకి పాకుతోందని చెబుతూ సన్నగా మూలగాలి, భయపడ్డ రోగి కావాలంటే విద్యార్థి వచ్చే ముందు ఐసు నీళ్ల సీసా రెండు చేతులా పట్టుకుని కూర్చునేదాన్ని, వాడు నాడి చూడ్డానికి చెయ్యి పట్టుకోగానే ఉలిక్కిపడేవాడు, అబ్బ ఎంత భయపడుతోందో అనుకునేవాడు, నేను మాత్రం లోపల్లోపల రాత్రికి ఏం వండుకోవాలా అనుకునేదాన్ని, ఆ బో టై పెద్దమనిషికి ఈ సంగతి తెలిస్తే ఇంకేం అక్కర్లేదు, అడ్డంగా దొరికిపోతాను.

కానీ నాన్నకి ఆ జబ్బే వచ్చింది, నేను వేసిన జబ్బే, పిత్తాశయంలో రాయి జారి క్లోమం వాచిందన్నారు, నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి మంచం మీద పక్కకి తిరిగి ముడుచుకుని ఉన్నాడు, మూలగడం లేదు, అదే నన్ను భయపెట్టింది, నా మూలుగు ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు, నోరు గట్టిగా మూసుకుని గోడ మీద ఒకే చోటుని చూస్తున్నాడు, మందు ఎక్కాక కాస్త తేరుకుని, ఏమే, నువ్వు వేస్తావే ఈ వేషం, లోపల అసలేమయిందో చెప్పు, అన్నాడు, ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు, ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో తెలుసు, ఆ చర్మం కింద ఉన్న వస్తువు పొడుగో గుండ్రమో కూడా నాకు తెలియదు, తెలియదు నాన్నా, అన్నాను, ఆయన నవ్వాడు, నవ్వితే నొప్పి పుట్టి తిట్టుకున్నాడు, అప్పుడు వచ్చాడు కుర్ర డాక్టరు, నన్ను గుర్తుపట్టలేదు గానీ నేను గుర్తుపట్టాను, అంతకు రెండేళ్ల ముందు నా మంచం పక్కన కూర్చుని మాట తడబడినవాడు, నాన్న వాడిని అడిగాడు, ఇది మళ్లీ వస్తుందా డాక్టర్ గారూ, అని, వాడు కుర్చీ దగ్గరికి లాక్కుని, కాస్త ముందుకి వంగి, కొంచెం ఆగి, ఇది మీకెంత కష్టంగా ఉందో నేను అర్థం చేసుకోగలను, అన్నాడు, ఆ ఆగడం, ఆ వంగడం, అచ్చు మేము నేర్పినట్టే, ఒక్క పిసరు తేడా లేదు, వాడు వెళ్లిపోయాక నాన్న, బాగా మాట్లాడాడే కుర్రాడు, కానీ నేనడిగిందానికి చెప్పలేదు, తెలియకపోతే తెలియదనొచ్చుగా, నేనేమన్నా కొరుక్కుతింటానా, అన్నాడు, ఆ సాయంత్రమే నేను లైబ్రరీకి వెళ్లి క్లోమం బొమ్మ చూశాను, బల్లి తోకలా పొట్ట వెనక దాక్కుని ఉంది, ఇన్నేళ్లు దాన్ని పట్టుకుని మూలిగాను, మొహం చూడ్డం అదే మొదలు, ఇంకో పేజీ తిప్పాను, ఇంకోటి తిప్పాను, లైబ్రరీ మూసేస్తున్నామని వచ్చి చెప్పేదాకా తిప్పుతూనే ఉన్నాను, అలా మొదలయింది ఇది, ఇదంతా ఆ పెద్దమనిషికి చెప్పాల్సింది, గంట కొట్టేశారు.

గంట, ఇదిగో, మళ్లీ గంట, కాగితంలో ఏముంది, పొరుగింటి ముసలాయన ఊరెళ్తూ తన పెంపుడు పిట్టని మీకు అప్పగించాడు, అది నిన్న చనిపోయింది, ఆయన తిరిగొచ్చాడు, వెళ్లి చెప్పండి, అంతే, పిట్టేనా, పిట్టయితే ఫర్వాలేదు, ఫర్వాలేదంటే, చచ్చిపోయిన పిట్ట ఫర్వాలేదా, తట్టాను, నా చెయ్యేనా అది తట్టింది, లోపలికి అడుగుపెట్టగానే ప్రాణం లేచి వచ్చింది, ఎందుకంటే ఈ గది నాకు తెలుసు, ఏ ఊళ్లో అయినా ఈ గదులన్నీ ఒకటే, అదే సింకు, అదే చక్రాల స్టూలు, అదే చేతులకి రాసుకునే మందు వాసన, అదే పేపరు పరిచిన ఎత్తు మంచం, పొద్దుట్నుంచీ చూసినవాటిలో నాకు తెలిసిన మొహం అదొక్కటే అన్నట్టు నేరుగా దాని దగ్గరికి వెళ్లి, మెట్టెక్కి, కూర్చున్నాను, కాళ్లు వేలాడేశాను, భుజాలు వాటంతటవే వంగాయి, కుడిచెయ్యి తిన్నగా పోయి పొట్ట పైభాగం పట్టుకుంది, పేపరు కరకరమంది, మూలన కూర్చున్న తెల్లజుట్టు డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది, గోడ పక్కన ఎదురెదురుగా రెండు కుర్చీలు, ఒక కుర్చీ దగ్గర పాత టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ ముసలాయన, పొరుగింటాయన, అంటే నటుడు, అంటే నేను, అయ్యో, నేను నా చోటులో కూర్చోలేదు, రోగి చోటులో కూర్చున్నాను, డాక్టరు కావడానికొచ్చి పేషెంటు మంచమెక్కాను.

పై ప్రాణాలు పైనే పోయాయి, మీరు కావాలంటే కుర్చీలో కూర్చోవచ్చండీ, అంది డాక్టరమ్మ, గొంతులో వెటకారం లేదు, అందుకే ఇంకా భయమేసింది, ఇప్పుడేం చెయ్యాలి, సర్దేయ్, నీకు వచ్చుగా సర్దడం, స్టేజీ మీద కుర్చీ విరిగితే అది కథలోదే అన్నట్టు చేసినదానివి, కావాలనే ఇక్కడ కూర్చున్నాననిపించు, పెద్దాయనకి రెండు కుర్చీలూ వదిలేశాననిపించు, చెడ్డవార్త వినేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో ఆ చోటు తెలుసుకోవడానికి కూర్చున్నానని ఒక్క మాట అను, ఎంత బావుంటుందా మాట, ఆవిడ తల ఊపుతుంది, పెన్ను కదులుతుంది, మాట నాలిక చివరిదాకా వచ్చేసింది, బో టై పెద్దమనిషి నవ్వు కూడా దాంతోపాటే వచ్చింది, మాకెలా తెలుస్తుందండీ, ఎలా తెలుస్తుంది, నాకే తెలియకపోతే, క్షమించండి, తప్పు చోట కూర్చున్నాను, పేషెంటు వేషం వేసి బతికేదాన్ని, అలవాటుగా ఎక్కేశాను, అన్నాను, దిగబోతే చెమటకి పేపరు ప్యాంటుకి అతుక్కుని పర్రుమని చిరిగింది, ఓ పేలిక నాతోపాటే కుర్చీదాకా వచ్చింది, దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో కుక్కుకున్నాను, అయిపోయింది, అంతా అయిపోయింది, అత్తయ్యకి ఈ ముక్క చెబితే పండగ చేసుకుంటుంది, నాన్నకి ఏం చెప్పను, కారు మీద మంచు తుడిచిన మనిషికి, మంచమెక్కి కూర్చున్నాను నాన్నా అని ఎలా చెప్పను.

కూర్చోండి తాతగారూ, అన్నాను ముసలాయనతో, ఆయన కూర్చున్నాడు, నా పిట్ట ఏదమ్మా, పింకస్ ఏది, దానికి ద్రాక్షపండు తెచ్చాను చూడు, అంటూ జేబులోంచి నిజంగానే ఓ ద్రాక్షపండు తీశాడు, పని తెలిసిన నటుడు, ఆ పండు తన సొంత ఆలోచనే అయ్యుంటుంది, తాతగారూ, మీకు చెడ్డవార్త చెప్పాలి, పింకస్ నిన్న చనిపోయింది, నన్ను నమ్మి వదిలి వెళ్లారు, నన్ను క్షమించండి, అన్నాను, ఎక్కడ ఆగాలో చూసుకోలేదు, ఎంత వంగాలో చూసుకోలేదు, ఆయన పండుకేసి చూశాడు, ఎడమచేత్తో కుడిచేతి బొటనవేలి మొదలు గట్టిగా గిల్లుకుంటున్నాడు, కళ్లలో నీళ్లు తెప్పించుకునే పద్ధతి అది, నేనూ గిల్లుకున్నదాన్నే, నాకు ఇక్కడ మచ్చ కూడా ఉంది, మా ఆవిడ పోయాక నాతో మాట్లాడేది అదొక్కటేనమ్మా, అన్నాడు, నీళ్లు వచ్చాయి, తర్వాత తలెత్తి, బాధపడిందా, అని అడిగాడు, పోయేటప్పుడు నొప్పి పడిందా చెప్పు, అని అడిగాడు, కాగితంలో అది లేదు, తలుపు మీద కాగితంలో ఎక్కడా అది లేదు, మా పనిలో ఒక్కటే కట్టుబాటు, అడిగినదాన్ని ఖాళీగా వదలకూడదు, స్క్రిప్టులో లేకపోతే కల్పించాలి, వెంటనే కల్పించాలి, మీకు చిన్నప్పుడు తట్టు పోసిందా అని విద్యార్థి అడిగితే తట్టు పోసిన వేసవి, అమ్మ పట్టిన చల్లటి గుడ్డ, అన్నీ క్షణంలో పుట్టించాలి, పుట్టించేదాన్ని, ఇప్పుడూ పుట్టేసింది, లేదు తాతగారూ, నిద్రలోనే పోయింది, తల రెక్కలో పెట్టుకుని పడుకున్నట్టే ఉంది, పూర్తిగా తయారయి వచ్చేసింది, రెక్క రంగుతో సహా, లే, అన్నాను, లేదు అనడానికి, లే దగ్గర ఆగిపోయాను, కళ్ల ముందు నాన్న పక్కకి తిరిగి ముడుచుకుని గోడకేసి చూస్తున్నాడు, నేనడిగిందానికి చెప్పలేదు, అంటున్నాడు, నాకు తెలియదు తాతగారూ, అన్నాను, ఏంటీ, అన్నాడు, నాకు తెలియదు, అన్నాను, తెలియదంటే ఏంటమ్మా, అప్పగించింది నీకేగా, నీ ఇంట్లోనేగా చచ్చింది, గొంతు పెంచాడు, అవును, నాకే అప్పగించారు, నా దగ్గరే పోయింది, బాధపడిందో లేదో నాకు తెలియదు, పడలేదని చెబితే మీకు కాసేపు హాయిగా ఉంటుంది, నాకూ ఉంటుంది, కానీ నాకు తెలియదు, పిట్టల్ని చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అడుగుదాం, నేను కూడా వస్తాను, ఆయన చెబితే ఇద్దరం కలిసి విందాం, ఆయనకీ తెలియదంటే అదీ విందాం, అన్నాను, అక్కడితో ఖాళీగా వదిలేశాను, ఇంత ఖాళీ నా జన్మలో ఎప్పుడూ వదల్లేదు, ఆయన చేతులకేసి చూశాను, గిల్లుకోవడం మానేశాడు, ఎప్పుడు మానేశాడో, పండు ఒళ్లో పడి ఉంది, నాకేసి చూస్తున్నాడు, పొరుగింటాయనలా చూస్తున్నాడో, తనలాగే చూస్తున్నాడో, అదీ నాకు తెలియదు.

గంట మోగింది, లేచాను, డాక్టరమ్మ ఏమన్నా రాసిందా, రాయలేదా, చూడలేదు, చూడ్డానికి ధైర్యం చాల్లేదు, మళ్లీ వరండా, మళ్లీ తలుపు, మళ్లీ కాగితం, నీలం సూటు కుర్రాడు ఇప్పుడు నేను వదిలొచ్చిన తలుపు ముందు నిలబడ్డాడు, వాడి బూట్లకేసి చూడబుద్ధి కాలేదు, భయం తగ్గలేదు, పొద్దున ఎంత ఉందో అంతే ఉంది, సీటు రాకపోవచ్చు, మంచమెక్కి కూర్చున్నదానికి సీటు ఎవరిస్తారు, సాయంత్రం ఇంటికెళ్లగానే నాన్న అడుగుతాడు, వస్తుందంటావా, అని, తెలియదు నాన్నా అంటాను, ఆయన తల ఊపుతాడు, చాలు, ఆ ఒక్క మాట దగ్గర్నుంచే నేను లైబ్రరీకి నడిచాను, ఆ మాట చెప్పలేకపోతే ఆ కుర్ర డాక్టరులా బాగా మాట్లాడడం ఒక్కటే మిగులుతుంది, ఏ కాలేజీ వాళ్లూ నాకు అంతకంటే ఏమీ నేర్పలేరు, జేబులో చెయ్యి పెడితే చిరిగిన పేపరు తగిలింది, చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి, రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని చూశాను, పొద్దుట్నుంచీ చల్లగానే ఉన్నాయి, అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఇవాళ నేను ఏ ఐసు నీళ్ల సీసా పట్టుకోలేదు.